వందసార్లు ఓడిపోయే ఆట ఆడాలా?

పిల్లలూ, ఈ పాఠం ఒక వీడియో గేమ్ గురించి. ఆట పేరు కప్‌హెడ్. మీలో కొంతమంది ఆడే ఉంటారు. కొంతమంది నెట్‌ఫ్లిక్స్‌లో 2022లో వచ్చిన దాని కార్టూన్ చూసి ఉంటారు. కార్టూన్ చూడటం తేలిక. ఆట ఆడటం మాత్రం తేలిక కాదు. కష్టమైన గేమ్స్ గురించి మాట వస్తే ఈ పేరు తప్పకుండా వస్తుంది. ఏళ్ళ తరబడి గేమ్స్ ఆడుతున్న పెద్దవాళ్ళు కూడా దీని దగ్గర గంటల కొద్దీ ఓడిపోతారు.

మరి ఓడిపోవడానికి డబ్బు పెట్టి కొనుక్కోవడం ఎందుకు?

మా తెలుగు తరగతికి వచ్చే ఒక అబ్బాయి వాళ్ళ అమ్మగారు నన్ను ఇదే అడిగారు. ఆ అబ్బాయికి పన్నెండేళ్ళు. పుట్టినరోజుకి వచ్చిన డబ్బులతో ఈ ఆట కొనుక్కున్నాడు. వారం తిరక్కుండానే కంట్రోలర్ సోఫా మీదకి విసిరికొట్టాడు. "నేను వేస్ట్, నాకేదీ రాదు" అన్నాడట. ఆట తీసేద్దామని నాన్నగారు, ఇంకో వారం చూద్దామని అమ్మగారు. "మీరు టీచర్ కదండీ, మీరేమంటారు?" అని ఆవిడ నన్ను అడిగారు. ఇరవై డాలర్లు పోతే పోయాయి. పిల్లవాడు తనని తాను వేస్ట్ అనుకోవడం చిన్న విషయం కాదు. అందుకని నేను ఆ ఆట గురించి చదివాను, వాళ్ళింట్లో కూర్చుని చూశాను, ఆడాను కూడా. నాకు తెలిసింది ఇప్పుడు మీకు చెబుతాను.

కథ ఏమిటి?

కప్‌హెడ్ అంటే తల ఉండాల్సిన చోట టీ కప్పు ఉన్న అబ్బాయి. వాడి తమ్ముడు మగ్‌మన్. తమ్ముడి తల మగ్గు. ఇద్దరినీ పెంచేది ఎల్డర్ కెటిల్ అనే తాతగారు. ఆయన తల కెటిల్. ఇల్లంతా వంటింటి సామానే అన్నమాట.

ఒకరోజు ఈ అన్నదమ్ములు చెప్పిన మాట వినకుండా దెయ్యం నడిపే జూదశాలకి వెళ్తారు. (జూదం అంటే పందెం కాసి ఆడే ఆట.) మొదట్లో వరసగా గెలుస్తారు. అప్పుడు దెయ్యం వచ్చి పెద్ద పందెం పెడుతుంది. గెలిస్తే ఇక్కడున్న డబ్బంతా మీది, ఓడితే మీ ఆత్మలు నావి అంటుంది. కప్‌హెడ్ పాచికలు వేస్తాడు. ఓడిపోతాడు.

మీ అమ్మమ్మో తాతయ్యో భారతం కథ చెప్పి ఉంటే, ఇక్కడ మీకు ధర్మరాజు గుర్తు రావాలి. ఆయన కూడా పాచికల దగ్గరే రాజ్యాన్నీ, తమ్ముళ్ళనీ, చివరికి తననీ ఒడ్డి ఓడిపోయాడు. "ఒడ్డడం" అంటే పందెంలో పెట్టడం. ధర్మరాజుకి పడిన శిక్ష పన్నెండేళ్ళ అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం. కప్‌హెడ్‌కి పడిన శిక్ష వేరు. దెయ్యానికి బాకీపడి పారిపోయినవాళ్ళు కొంతమంది ఉంటారు. వాళ్ళందరితో పోరాడి, వాళ్ళు రాసిచ్చిన పత్రాలు తెచ్చివ్వాలి. ఆ బాకీదార్లే ఈ ఆటలో మన ఎదురుగా నిలబడే "బాస్"లు. చివర్లో వచ్చే కింగ్ డైస్‌తోనూ దెయ్యంతోనూ కలిపి అసలు ఆటలో 19 మంది.

ఎందుకంత కష్టం?

బటన్లు ఎక్కువ ఉండవు. దూకడం, కాల్చడం, ఒక్క ఉదుటున పక్కకి జారడం. అంతే. కానీ మామూలుగా మీరు మూడు దెబ్బలే తట్టుకోగలరు. మూడోది తగిలితే ఆట అయిపోతుంది. మధ్యలో ఆగి, అక్కడినుంచి మొదలుపెట్టే వీలు లేదు. బాస్ ఇంకో రెండు క్షణాల్లో పడిపోతుందనగా మీకు దెబ్బ తగిలినా, మళ్ళీ మొదటినుంచి ఆడాల్సిందే. పైగా బాస్‌కి ఎంత బలం మిగిలిందో పోరాడుతున్నంతసేపూ తెర మీద కనపడదు.

మొదటి దీవిలో ఎదురయ్యే బాస్‌లలో ఒకటి కూరగాయల ముఠా. ముందు బంగాళాదుంప (తెలంగాణలో ఆలుగడ్డ అంటారు), తర్వాత ఉల్లిపాయ, ఆ తర్వాత క్యారెట్. సాంబారులో వెయ్యాల్సినవి మన మీద దాడి చేస్తాయి! బంగాళాదుంప మట్టి ఉండలు ఉమ్ముతుంది. ఉల్లిపాయ భోరున ఏడుస్తుంది, ఆ కన్నీళ్ళు వానలా పడతాయి. మనం ఉల్లిపాయ తరిగితే మనకి కన్నీళ్ళు వస్తాయి కదా, ఇక్కడ దానికే వస్తాయి. క్యారెట్ చిన్న చిన్న క్యారెట్లని మన వెంట పంపిస్తుంది. అవి మనం ఎటు పోతే అటే వస్తాయి.

నాకు కంట్రోలర్ పట్టుకోవడమే కొత్త. మొదటిరోజు ఉల్లిపాయ దాకా కూడా వెళ్ళలేదు. బంగాళాదుంపే పదిహేడుసార్లు ఓడించింది. పక్కన కూర్చున్న పిల్లలకి మాత్రం మంచి కాలక్షేపం.

రెండు రకాల ఓటమి

ఇక్కడ కాసేపు వేరే ఆటల గురించి చెప్పాలి. మీ ఇంట్లో వైకుంఠపాళి ఉందా? పాములూ నిచ్చెనలూ ఉండే పటం. నిచ్చెన వస్తే పైకి, పాము నోట్లో పడితే కిందకి. పై వరసలో, గెలుపుకి దగ్గర్లో, ఒక పెద్ద పాము ఉంటుంది. దాని నోట్లో పడితే దాదాపు మొదటికే వస్తాం. కప్‌హెడ్‌లో చివరి క్షణంలో ఓడిపోయినట్టే ఉంటుంది. కానీ తేడా ఉంది. వైకుంఠపాళిలో పాము నోట్లో ఎందుకు పడ్డాం? పాచికలో ఆ అంకె పడింది కాబట్టి. వందసార్లు ఆడినా పాచిక వెయ్యడంలో మనకి నేర్పు రాదు. నూటొకటోసారి కూడా మొదటిసారి ఎంత తెలుసో అంతే తెలుసు. ఆ ఆట సరదా వేరు, నలుగురూ కూర్చుని అరుచుకోవడం. నేర్చుకోవడానికి మాత్రం అందులో ఏమీ లేదు.

ఇప్పుడు బొంగరం చూడండి. తాడు చుట్టి విసిరితే గిరగిరా తిరిగేది. మా ఊళ్ళో సంక్రాంతి సెలవులకి వచ్చిన పట్నం పిల్లలు బొంగరం వేస్తే, అది దొర్లుకుంటూ కాలవలోకి పోయేది. ఎందుకు? తాడు వదులుగా చుట్టారు. లేదా చెయ్యి వెనక్కి లాగలేదు. లేదా మేకు కిందకి లేదు. ప్రతి ఓటమికీ ఒక కారణం ఉంది. పక్కన నిలబడి చూసేవాడికి అది కనపడుతుంది కూడా. కారణం సరిచేస్తే మరుసటిసారి బొంగరం కొంచెమైనా తిరుగుతుంది.

కాబట్టి ఏ కష్టమైన ఆట చూసినా నేను వేసుకునే ప్రశ్న ఒకటే. ఇది వైకుంఠపాళి రకం ఓటమా, బొంగరం రకం ఓటమా? ఎంత కష్టం అన్నది రెండో ప్రశ్న. "నేను ఎందుకు ఓడిపోయాను?" అని అడిగితే ఆట జవాబు చెబుతుందా, లేదా?

కప్‌హెడ్ చెబుతుంది. ఎలా చెబుతుందో చూడండి, నాకు ఈ ఆటలో బాగా నచ్చింది ఇదే.

బొమ్మలే హెచ్చరికలు

క్రికెట్‌లో బౌలర్ బంతి వేసే ముందు చెయ్యి తిప్పుతాడు. బేస్‌బాల్‌లో అయితే పిచర్ చెయ్యి వెనక్కి లాగుతాడు. బంతి ఇంకా చేతిలోనే ఉంది, కానీ అది ఎటు వస్తుందో చూసేవాడికి కొంచెం తెలిసిపోతుంది. కార్టూన్లు గీసేవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. బొమ్మ ముందుకి గెంతాలంటే ముందు వెనక్కి వంగాలి. ఊదాలంటే ముందు బుగ్గలు ఉబ్బాలి. ఆ వంగడం, ఉబ్బడం లేకపోతే చూసేవాళ్ళకి గెంతు గెంతులా అనిపించదు.

కప్‌హెడ్ మొత్తం పాత కార్టూన్ల పద్ధతిలో గీశారు. 1930ల నాటి అమెరికన్ కార్టూన్లు చూశారా? చేతులూ కాళ్ళూ ఎముకల్లేనట్టు రబ్బరు గొట్టాల్లా ఊగుతుంటాయి. బెట్టీ బూప్, పొపాయ్ కార్టూన్లు అలాంటివే. ఈ ఆట తయారుచేసింది కెనడాకి చెందిన అన్నదమ్ములు చాడ్, జారెడ్ మోల్డెన్‌హౌర్, వాళ్ళ స్టూడియో ఎండీహెచ్‌ఆర్. వాళ్ళు కంప్యూటర్‌లో షార్ట్‌కట్ వెతుక్కోలేదు. కదిలే బొమ్మలన్నీ కాగితం మీద చేత్తో గీయించారు. ఆ తర్వాతే కంప్యూటర్‌లో రంగులు వేశారు. వెనకాల కనిపించే కొండలూ చెట్లూ నీటిరంగులతో వేసినవి. బొమ్మల కదలికకి సెకనుకి 24 బొమ్మలు. ఒక సెకను! మీరు "బంగాళాదుంప" అనేలోపు అయిపోతుంది. సంగీతం కూడా నిజమైన జాజ్ వాయిద్యకారులు వాయించిందే. పని పెరిగేసరికి ఆ అన్నదమ్ములు ఉద్యోగాలు మానేసి, ఇళ్ళు తాకట్టు పెట్టి మరీ పూర్తిచేశారు. 2017 సెప్టెంబర్ 29న ఆట విడుదలైంది. అది ఆడకపోయి ఉంటే వాళ్ళ ఇళ్ళు ఏమయ్యేవో! (ఇక్కడ "ఆడకపోయి ఉంటే" అంటే "జనం కొనకపోయి ఉంటే" అని. సినిమా ఆడింది, ఆడలేదు అంటాం చూడండి, అలాగ.)

ఇప్పుడు ఈ రెండు విషయాలూ కలపండి. బొమ్మ ఏ పని చేయబోయినా ముందు చిన్న కదలిక ఉంటుంది. ఆటలో ఆ కదలికే మనకి హెచ్చరిక. బంగాళాదుంప మట్టి ఉండ ఉమ్మే ముందు దాని ఒళ్ళంతా కదిలి, నోరు సిద్ధమవుతుంది. ఉల్లిపాయ ఏడ్చే ముందు ముఖం ముడుచుకుంటుంది. మీరు ఓడిపోయారంటే ఆ కదలిక చూడలేదు, లేదా చూసి ఆలస్యంగా దూకారు. అందం కోసం గీసిన బొమ్మే సమాచారం కూడా ఇస్తోంది. నాలాంటి చేతకానివాళ్ళు కూడా నాలుగోరోజుకి ఉల్లిపాయని దాటేశారంటే కారణం ఇదే. నా వేళ్ళు వేగం కాలేదు. నా కళ్ళకి ఎక్కడ చూడాలో తెలిసింది.

ఇంకో మంచి ఉదాహరణ కప్పల అన్నదమ్ములది. (ఈ కప్పలు బెకబెకమనే కప్పలు. ఒక్క కప్పూ, పది కప్పులూ వేరు. ఒక కప్ప, పది కప్పలు వేరు. ఒత్తు ఒకటే, చివర అక్షరం చూసుకోండి.) వాళ్ళిద్దరూ బాక్సింగ్ చేస్తారు. చివరికి ఇద్దరూ కలిసిపోయి ఒక పెద్ద జూదపు యంత్రం అయిపోతారు. దానికి పక్కన గులాబీ రంగు పిడి ఉన్న చెయ్యి ఉంటుంది. ఆ పిడి మీదకి దూకి కొట్టాలి. అప్పుడు యంత్రంలో బొమ్మలు తిరిగి ఒక దాని దగ్గర ఆగుతాయి. పాము, పులి, అడవిదున్న, ఈ మూడింట్లో ఏది పడితే ఆ రకం దాడి వస్తుంది. అంటే దాడి మొదలయ్యేముందే, ఏది రాబోతోందో బొమ్మ వేసి మరీ చూపిస్తుంది. పరీక్షలో టీచర్ ప్రశ్న ముందే బోర్డు మీద రాసినట్టు! అయినా మొదటిసారి ఎవరూ ఆ బొమ్మ చూడరు. కంగారులో ఉంటారు కదా.

గులాబీ రంగుది మీకు ఈ ఆటలో ఎప్పుడు కనపడినా, అది మీకు పనికొచ్చేదని గుర్తు. దాని మీదకి దూకి, గాలిలో ఉండగానే మళ్ళీ జంప్ బటన్ నొక్కితే దెబ్బ తగలదు, పైగా మీ బలం పెరుగుతుంది. దీన్ని "ప్యారీ" అంటారు. బంగాళాదుంప ఉమ్మే మట్టి ఉండల వరసలో చివరగా వచ్చే పురుగు గులాబీ రంగుదే.

బట్టీ పడితే సరిపోదు

"బట్టీ పట్టడం" అంటే అర్థం చూసుకోకుండా వల్లించి నోటికి తెచ్చుకోవడం. మేం చదువుకున్నప్పుడు ఎక్కాలు, పద్యాలు అలాగే నేర్చుకునేవాళ్ళం. కప్‌హెడ్‌లో చాలా బాస్‌ల దాడులు ప్రతిసారీ ఒకే వరసలో రావు. ముందు కుడి, తర్వాత ఎడమ, తర్వాత పైన అని నోటికి పట్టుకుని వెళ్తే, ఈసారి ముందే పైనుంచి వస్తుంది. కాబట్టి వరస కాదు, గుర్తులు నేర్చుకోవాలి. ఈ ముఖం పెడితే ఇది వస్తుంది, ఈ శబ్దం వస్తే ఇటు పోవాలి, అని.

మీరు తెలుగు చదవడం కూడా ఇలాగే నేర్చుకుంటున్నారు. పేజీలో తర్వాత ఏ మాట వస్తుందో మీకు ముందు తెలియదు. ఒత్తు కనపడగానే నోరు సిద్ధమవుతుంది. సరే, ఇది పక్కమాట.

ఓడిపోయినప్పుడు తెర మీద ఒక కార్డు వస్తుంది. బాస్ మనల్ని వెక్కిరిస్తూ ఒక మాట అంటుంది. కానీ వెక్కిరింత చదివి కోప్పడకండి, కింద ఉన్న గీత చూడండి. గీతకి ఒక చివర మొదలు, రెండో చివర గెలుపు. ఒక చిన్న కప్‌హెడ్ ఆ గీత మీద పరిగెత్తి, మనం ఎంతవరకు వచ్చామో అక్కడ ఆగుతాడు. పోరాడుతున్నప్పుడు దాచిపెట్టిన లెక్క ఓడిపోయాక చూపిస్తారు. నేను చెప్పిన అబ్బాయి ఈ గీతని అసలు పట్టించుకునేవాడు కాదు. కార్డు రాగానే బటన్ నొక్కి మళ్ళీ మొదలుపెట్టేవాడు. అతనికి "ఓడిపోయాను" అన్న ఒక్క మాటే మిగిలేది. నిజానికి మొదటిరోజు గీతలో పావు వంతు దగ్గర ఆగినవాడు, వారం చివరికి గెలుపుకి వేలెడంత దూరంలో ఆగుతున్నాడు. అది చూపించాను. "అవును కదా ఆంటీ" అన్నాడు. అంతకన్నా పెద్ద మార్పు ఆ రోజు ఏమీ రాలేదు, కానీ కంట్రోలర్ ఎగరడం ఆగింది.

నాకు నచ్చనిది

ఈ ఆటలో మొదట రెండు స్థాయిలు ఉంటాయి. ఒకటి సింపుల్, ఒకటి రెగ్యులర్. సింపుల్‌లో దాడులు తేలిగ్గా ఉంటాయి, కొన్ని బాస్‌లకి కొన్ని భాగాలే ఉండవు. బాగానే ఉంది కదా? కానీ సింపుల్‌లో గెలిస్తే ఆ పత్రం చేతికి రాదు. పత్రాలన్నీ లేకపోతే కింగ్ డైస్‌నీ దెయ్యాన్నీ కలవలేం. అంటే కథ చివర ఏమవుతుందో చూడలేం. రెగ్యులర్‌లో అందరినీ గెలిస్తేనే చివరి తలుపు తెరుచుకుంటుంది.

ఇది నాకు న్యాయంగా అనిపించలేదు. అందరి చేతులూ ఒకేలా పనిచెయ్యవు. కొంతమంది పిల్లలకి వేళ్ళు అంత వేగంగా కదలవు. కొంతమందికి కళ్ళకి ఇబ్బంది. వాళ్ళు ఎంత ఓపిగ్గా ఆడినా కథ చివర చూడకుండా ఉండాల్సిందేనా? కష్టంగా ఉండే ఆటలన్నీ ఇలా లేవు. 2018లో సెలెస్టే అని ఇంకో ఆట వచ్చింది. మెడలీన్ అనే అమ్మాయి కొండ ఎక్కే కథ. అదీ చాలా కష్టమైనదే. కానీ అందులో సహాయం కావాలంటే ఆట వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు. దెబ్బ తగలకుండా కూడా చేసుకోవచ్చు. కొండ చివరికి అందరూ వెళ్ళొచ్చు. కష్టం కావాలనుకున్నవాళ్ళకి కష్టం అక్కడే ఉంది, ఎవరూ తీసెయ్యలేదు.

"సింపుల్‌లో ఆడేవాళ్ళు బేబీలు" అని బడిలో ఎవరో అన్నారని మా అబ్బాయి చెప్పాడు. సింపుల్‌లో గుర్తులు నేర్చుకుని రెగ్యులర్‌కి వెళ్ళడం తెలివైన పని. సైకిల్ నేర్చుకునేటప్పుడు పక్క చక్రాలు పెట్టుకోమూ?

ఇద్దరు ఆడితే

ఒకరు కప్‌హెడ్, ఒకరు మగ్‌మన్ అయ్యి ఇద్దరూ ఒకేసారి ఆడొచ్చు. తేలికవుతుందని అనుకోకండి. ఇద్దరు ఉంటే బాస్‌కి బలం కూడా పెరుగుతుంది. కానీ ఒక గొప్ప వీలు ఉంది. ఇద్దరిలో ఒకరు ఓడిపోతే, వాళ్ళ ఆత్మ మెల్లగా పైకి తేలిపోతూ ఉంటుంది. అది తెర దాటి పోయేలోపు రెండోవాళ్ళు దూకి, ప్యారీ చేస్తే, పోయినవాళ్ళు తిరిగి వచ్చేస్తారు. ఒక్క దెబ్బ తట్టుకునే బలంతోనే వస్తారు, అయినా వస్తారు.

ఆ అబ్బాయికి పదేళ్ళ చెల్లెలు ఉంది. ముందు ఆ పాపని దగ్గరికి రానిచ్చేవాడు కాదు, "నువ్వు పాడుచేస్తావు" అని. అమ్మగారు ఇద్దరూ కలిసి ఆడితేనే ఆట ఉంటుందని నియమం పెట్టారు. పాప కాల్చడంలో అంత గట్టిది కాదు. కానీ అన్న ఆత్మ పైకి లేవగానే ఎక్కడున్నా ఉరికి పట్టేస్తుంది. "అన్నయ్యా, కదలకు, వస్తున్నా!" అని అరుస్తుంది. పోయినవాడు కదలడం ఎలాగూ కుదరదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆట మధ్యలో మాట్లాడుకునేదంతా తెలుగే అని వాళ్ళమ్మగారు ముసిముసిగా నవ్వుకుంటున్నారు. "కిందకి! కిందకి! ఆగు! ఇప్పుడు దూకు!" అని ఆజ్ఞలన్నీ వచ్చేశాయి.

పెద్దవాళ్ళతో కలిసి చదవాల్సిన భాగం

అమెరికాలో ఆటలకి వయసు గుర్తు వేసే సంస్థ ఈఎస్‌ఆర్‌బీ ఈ ఆటకి పదేళ్ళు, ఆ పైన అని గుర్తు వేసింది. రక్తం, నరుకుళ్ళు లేవు. కానీ కథే జూదం గురించి. కింగ్ డైస్ దగ్గర సిగార్, మందు గ్లాసులు కూడా బాస్‌లుగా వస్తాయి. దెయ్యం, నరకం ఉన్నాయి. మీ ఇంట్లో ఇవి వద్దనుకుంటే అది మీ అమ్మానాన్నల ఇష్టం, వాళ్ళని అడిగే ఆడండి.

ఇంకొకటి. 1930ల అమెరికన్ కార్టూన్లలో నల్లజాతివాళ్ళని, వేరే దేశాలవాళ్ళని ఎగతాళి చేసే బొమ్మలు చాలా ఉండేవి. ఈ ఆట వచ్చినప్పుడు కొందరు విమర్శకులు ఆ సంగతి గుర్తుచేశారు. తయారుచేసినవాళ్ళు మేం గీసే పద్ధతి మాత్రమే తీసుకున్నాం అన్నారు. మీరు యూట్యూబ్‌లో ఆ పాత కార్టూన్లు వెతికితే అలాంటివి ఎదురవుతాయి. అప్పుడు పెద్దవాళ్ళతో మాట్లాడండి.

మరి ఆడాలా?

పదేళ్ళు దాటి, ఇంట్లో ఒప్పుకుంటే, ఆడొచ్చు. ఇది బొంగరం రకం ఆట. ఓడిపోయిన ప్రతిసారీ ఎందుకు ఓడిపోయామో చెప్పే ఆట. కానీ గెలవడం కోసమే ఆడితే మాత్రం వద్దంటాను, ఎందుకంటే గెలిచే నిమిషాలు చాలా తక్కువ. ఒక బాస్‌ని గెలిచే పోరు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. దాని ముందు ఓడిపోయే పోరులు గంటల కొద్దీ ఉంటాయి. ఆ గంటల్లో మీకు ఆసక్తి లేకపోతే, ఇరవై డాలర్లకి పుస్తకాలు వస్తాయి, దోసెలు వస్తాయి.

ఒక ప్రమాదం ఉంది. ఒక్కో ప్రయత్నం చిన్నది కాబట్టి "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అనిపిస్తుంది. రాత్రి తొమ్మిదికి మొదలైన ఇంకొక్కసారి పదకొండుకి కూడా ఇంకొక్కసారే. అందుకని గడియారం కాదు, ప్రయత్నాలు లెక్కపెట్టుకోండి. పది ప్రయత్నాలు, అయ్యాక ఆపెయ్యడం. వరసగా మూడుసార్లు ఒకే చోట, ఒకే కారణంతో ఓడిపోతే, పది కాకపోయినా ఆపెయ్యండి. అప్పటికి కళ్ళు అలసిపోయాయని అర్థం. చేతులతో నేర్చుకునే పనులు నిద్ర తర్వాత మెరుగవుతాయని పరిశోధకులు గమనించారు. రాత్రి రాని ఉల్లిపాయ పొద్దున్నే వచ్చేస్తే ఆశ్చర్యపోకండి.

ఈ వారం రాయవలసింది

కప్‌హెడ్ కానక్కరలేదు. మీరు ఆడే ఏ ఆట అయినా సరే, సాకర్ అయినా, చదరంగం అయినా. మూడుసార్లు ఓడిపోయిన సంగతి రాయండి. ఒక్కోదానికి రెండు వాక్యాలు. మొదటి వాక్యంలో ఏమైందో, రెండో వాక్యంలో ఎందుకైందో. రెండో వాక్యంలో "వల్ల" అన్న మాట వాడాలి. మా పాప రాసింది ఇది: "నాకు ఉల్లిపాయ కన్నీళ్ళు తగిలాయి. నేను పైకి చూడకపోవడం వల్ల తగిలాయి." అన్నయ్య రాసింది: "గీత చివరి దాకా వచ్చి ఓడిపోయాను. చెల్లి అరవడం వల్ల."

రెండోది నిజమైన కారణమేనా, సాకా? చదివి, మీరేమనుకుంటున్నారో ఒక వాక్యంలో రాయండి. ఆట పేరు తెలుగు లిపిలో రాయడం మర్చిపోకండి. కప్‌హెడ్‌లో "ప్" పొల్లు అక్షరం, కింద ఒత్తు రాదు.